కాంపౌండరు గారి శాపాలు

కాంపౌండరు గారికి ఫోన్ చేస్తే ఆవిడ అద్దెకుంటున్న ఇంటిగలాయన ఎత్తాడు.

"ఆవిడ పోయి పదకొండు రోజులైందమ్మా. నిద్రలోనే పోయింది," అన్నాడు. "ఎవరైనా చేస్తారేమోనని ఈ ఫోన్‌కి చార్జింగ్ పెడుతున్నాను. ఇన్నాళ్లకి మీరే మొదలు. ఏదన్నా పని మీద చేశారా?"

పని మీదే చేశాను. కొత్తగా పన్నెండు శాపాలు కావాలి, నెలాఖరులోగా రాసిస్తారా అని అడుగుదామని చేశాను. ఆ మాట ఆయనతో అనడానికి నోరు రాలేదు. "ఏం లేదండీ, ఊరికే చేశాను," అన్నాను.

అనేసి ఫోన్ పెట్టేశాను. ఆ "ఊరికే" అన్న మాట ఆవిడతో అనాల్సింది. అనడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం అవకాశం కూడా వచ్చింది. ఎందుకు అనలేకపోయానో చెప్పాలంటే ముందు ఆ శాపాల సంగతి చెప్పాలి.

నేను కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. అంతా కలిపి ఐదుగురం. మా హెడ్ విజయవాడలో ఉంటాడు. నేను బందరులో, మా ఇంటి ముందుగదిలో కూర్చుని పనిచేస్తాను. మేం చేస్తున్న ఆటలో ఏరు సముద్రంలో కలిసేచోట ఏడు లంకలుంటాయి, వాటిలో నలభైమంది మనుషులుంటారు. ఆడేవాళ్లు వాళ్లని నడిపించరు. గట్లు వేయిస్తారు, రేవులు కట్టిస్తారు, అంతే. ఆ నలభైమందీ వాళ్లంతట వాళ్లే లేస్తారు, వలలు వేస్తారు, నారు పోస్తారు, పోట్లాడుకుంటారు, రాజీపడతారు. ప్రతివాళ్లకీ ఒక శక్తో శాపమో ఉంటుంది. అది వాళ్ల ఇష్టంతో పనిలేకుండా దానంతటదే జరిగిపోవాలి. మేం ఇరుక్కుపోయింది అక్కడే. మా టీమ్‌లో వాళ్లు రాసుకొచ్చినవన్నీ ఒకటే బాపతు. ఒకడికి కోపమొస్తే మొసలైపోతాడు, ఇంకొకడికి ఏడుపొస్తే కళ్లలోంచి మంటలొస్తాయి. పది చదివేసరికి నాకే ఆవలింతలొచ్చాయి.

అప్పుడు మా హెడ్‌కి కాంపౌండరు గారు గుర్తొచ్చింది. చిన్నప్పుడు తుమ్ములు తగ్గక అతన్ని గుడివాడలో ఒక హోమియో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లట. అక్కడ కేసుషీటు రాసే ఆవిడ, తుమ్ముల సంగతి వదిలేసి, కలలో నీళ్లు కనిపిస్తాయా, చీకటంటే భయమా, ఎవరైనా బుజ్జగిస్తే ఏడుపు తగ్గుతుందా పెరుగుతుందా అని అడిగేదట. "ఆవిడ ముప్పై ఏళ్లు జనాన్ని అవే అడిగింది. ఇప్పటికీ గుడివాడలోనే ఉందట. బందరు నుంచి నీకు దగ్గరేగా, వెళ్లి అడుగు," అన్నాడు.

వెళ్లాను. డాక్టరుగారు పోయి, ఆ ఆస్పత్రి మూతపడి చాలాకాలమైంది. ఆవిడ ఒక మేడమీద పోర్షన్‌లో ఒక్కతే ఉంటోంది. ఉద్యోగం పోయినా పిలుపు మిగిలింది. వీధిలో కూరగాయలమ్మే మనిషి కూడా ఆవిడని కాంపౌండరు గారూ అనే పిలిచేవాడు. తలుపు తీసే ఉంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తను బల్ల అవతల కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని అడిగింది.

"ఏం పని మీద వచ్చావమ్మాయ్?"

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ ప్రశ్న మారలేదు. కుశలప్రశ్నలు లేవు, ఎండ గురించి మాటలు లేవు. ముందు పనేమిటో చెప్పాలి.

నేను ఆట సంగతి చెప్పాను, మొసలి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. శ్రద్ధగా విని, "మొసలైపోయాక వాడికేం బాధ? పెళ్లాంబిడ్డలకి గాని," అంది. "మా దగ్గరికి ఒకాయనొచ్చేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే గొంతు పోయేది. సాయంత్రం దాకా మాట పెగిలేది కాదు. పాపం, ఆయన బళ్లో మేష్టారు. బాగా చెప్పేవాడు కూడాను. అలాంటివి కావాలా నీకు?"

అలాంటివే కావాలన్నాను.

మర్నాటి నుంచి రాయడం మొదలుపెట్టింది. పాత ఆస్పత్రి కేసుషీట్లు ఒక కట్ట మిగిలిపోతే వాటి మీదే రాసేది. ఒక్కో శాపానికి మూడు గళ్లు. ఏమవుతుంది, ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది. మూడో గడి ఖాళీగా ఉన్న శాపం ఆవిడ ఒక్కటీ ఇవ్వలేదు. ఒకసారి నేనే, తగ్గకుండా ఉండేదొకటి రాయండి, ఆటలో భయం ఉండాలిగా అన్నాను. "తగ్గే దారి లేకపోతే అది చావమ్మాయ్. అది డాక్టరుగారు చూసుకునేవారు. నాది కేసుషీటు వరకే," అంది.

ఆవిడ రాసిన జాలరి ఒకడున్నాడు. ఎవరి మొహం చూసినా వాళ్లు ఆఖరుసారి ఎప్పుడు ఏడ్చారో అతనికి తెలిసిపోతుంది. తెలుసుకోవాలని ఉండదు, తెలిసిపోతుంది. అందుకని తలెత్తడం మానేసి, అందరి పాదాలకేసి చూస్తూ మాట్లాడతాడు. ఇంకొకామె నీడ పడితే నారు జానెడు పెరుగుతుంది. ఊరంతా ఆమెని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మడి గట్ల మీద నిలబెడుతుంది, లోపలికొచ్చి కూర్చోమని ఎవరూ అనరు. అది శక్తి కదండీ, శాపమెలా అవుతుంది అంటే ఆవిడ నాకేసి కొంచెం జాలిగా చూసింది.

ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. ఏ కాగితం దొరికినా మందు పొట్లం కట్టేసేవి. నా బస్సు టికెట్టు, పాల ప్యాకెట్ల చీటీ, కరెంటు బిల్లు, అన్నీ మూడు మడతలు పడి, చివర దోపుకుని బల్లమీద వరసగా నిలబడేవి. శాపాలు కూడా అలాగే పొట్లాలుగా ఇచ్చేది. నేను ఇంటికొచ్చి ఒక్కొక్కటే విప్పుకునేదాన్ని.

ఇంకో సంగతి, ఆ ఇంట్లో కాఫీ ఉండేది కాదు. వెళ్తే బార్లీ నీళ్లిచ్చేది. గోడకున్న అద్దాల బీరువాలో డాక్టరుగారి పాత మందు సీసాలు ఉండేవి. కాఫీ వాసన తగిలితే మందు పనిచెయ్యదని ఆవిడ నమ్మకం. చిన్నప్పుడు దివిసీమలో, నాగాయలంక పక్కన వాళ్ల పుట్టింట్లో రోజుకి మూడుసార్లు తాగేదట. ఉద్యోగంలో చేరిన రోజు మానేసిందట.

"ఆ మందులు ఇప్పుడెవరూ వేసుకోవట్లేదు కదండీ," అన్నాను.

"అయినా బతికున్నాయిగా," అంది.

కాఫీ లేని ఇంట్లో పని అయిపోయాక కూర్చోవడానికి సాకు దొరకదు. అది చాలనట్టు ఆవిడకి ఇంకో అలవాటు. మాటల మధ్యలో లేచి వరండాలోకి వెళ్లేది. తిరిగొచ్చి, "నీకు బస్సుకి ఆలస్యమవుతుందేమో," అనేది. నేను బయటికొచ్చి చూస్తే నా చెప్పులు మెట్లవైపు తిరిగి ఉండేవి. నేను తలుపు వైపు విడిచినవి, ఆవిడ వంగి, వీధికేసి తిప్పి పెట్టేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. బందరు నుంచి బస్సెక్కి వస్తే పది నిమిషాలైనా కూర్చోనివ్వదేం అనుకునేదాన్ని. వంగలేని మనిషి గోడ పట్టుకుని నా చెప్పులు ముట్టుకోవడం ఇంకా ఇబ్బందిగా ఉండేది. వద్దని రెండుసార్లు చెప్పాను. "నేను చేస్తున్నాననుకుంటున్నావా?" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాతి పొట్లంలో రేవు ఇంటామె వచ్చింది.

ఏడో లంకలో, పడవల రేవు పక్కన, ఒక్కతే ఉండే మనిషి. ఏమవుతుంది అన్న గడిలో ఇలా ఉంది. "ఈమె ఇంటికి ఎవరు వచ్చినా వాళ్ల చెప్పులు వాటంతటవే వీధివైపు తిరుగుతాయి. ఈమె తిప్పదు. వచ్చినవాళ్లు చూసి, పొమ్మంటోందనుకుని వెళ్లిపోతారు." పెరుగుతుంది అన్నచోట, "ఎవరైనా పని మీద వస్తే." తగ్గుతుంది అన్నచోట, "ఎవరైనా ఏ పనీ లేకుండా వస్తే. ఒక్కసారి వచ్చినా చాలు."

చదివి నేను పొంగిపోయాను. ఆవిడ గురించి కాదు, చెప్పులు తిరిగే బొమ్మ తెరమీద ఎంత బాగుంటుందో అని. రెండు రోజులు కూర్చుని ఆ చెప్పులు తిరగడం రాశాను. మనిషి గుమ్మం దాటగానే ముందు ఎడమది, తర్వాత కుడిది, నెమ్మదిగా తిరుగుతాయి. మా టీమంతా మెచ్చుకున్నారు. శాపం తగ్గినప్పుడు ఆమె అనాల్సిన మాట ఒకటుంటుంది కదా, అన్ని శాపాలకీ అలాంటి మాటలు కాంపౌండరు గారు ఫోన్‌లో చెప్పి పంపేది, విజయవాడలో ఒకమ్మాయి టైపు చేసి నంబర్లు వేసేది. నాకు ఆ నంబర్లతోనే పని. మాటలు చదివేదాన్ని కాదు.

చిక్కు తర్వాత తెలిసింది. మా లంకల్లో పని లేకుండా ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. అలా రాసింది నేనే. ఎవరైనా అడుగు వెయ్యాలంటే ఒక కారణం ఉండాలి. ఉప్పు కావాలి, వల బాగుచేయించుకోవాలి, తగువు తీర్చుకోవాలి. పని పూర్తవగానే ఇంటికి తిరిగొస్తారు. కారణం లేని మనిషిని ఈ ప్రోగ్రాము కదిలించలేదు.

ఆవిడకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "నలభైమంది ఉన్నారుగా. ఎవరో ఒకరు వెళ్తార్లే," అంది.

"వెళ్లరండీ. సిస్టమ్ అలా ఉంది."

"నువ్వు మార్చలేవా?"

"మారిస్తే అందరూ పనులు మానేసి తిరుగుతారండీ. పంటలెండిపోతాయి." ఇది పూర్తిగా నిజం కాదు. ఒక్కరికి మార్చి చూడొచ్చు. ఒకపూట పని. కానీ నా ప్రోగ్రాము మీద నాకు గీర ఉండేది. "తర్వాత చూద్దాం" అని పేరుపెట్టుకున్న జాబితాలో దాన్ని రాసిపెట్టాను. ఆ జాబితాలోకి వెళ్లినది తిరిగి రావడం నేనైతే చూడలేదు.

అప్పట్నుంచి నేను ఎప్పుడు ఫోన్ చేసినా, పని మాటలు అయ్యాక, ఆవిడ అడిగేది. ఆవిడకి కంప్యూటర్ లేదు, ఆట చూడాలంటే నా నోటివెంట వినాల్సిందే.

"రేవు ఇంటికి ఎవరైనా వెళ్లారా?"

"వెళ్లారండీ. ఉప్పు కోసం."

"చెప్పులు?"

"తిరిగాయండీ."

"ఊఁ. సరే, ఉంటాను."

అలా ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. మొన్నటి వర్షాల్లో అడిగింది, నారు పోసే సన్నివేశాలు రాస్తున్నప్పుడు అడిగింది, నాకు జ్వరమొచ్చి గొంతు బొంగురుపోయినప్పుడూ అడిగింది. పడవ ఎక్కడానికి వెళ్లారండీ, తాడు అడగడానికి వెళ్లారండీ అని నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. ఒక్కసారైనా అబద్ధం చెప్పి ఉండాల్సింది. ఆ విషయంలో మాత్రం నేను మహా నిజాయితీపరురాలిని.

ఒకసారి ఆవిడే, కేసుషీటు రాసే అలవాటుకొద్దీ, నన్ను అడిగింది.

"రోజులో మొదటి మాట ఎన్నింటికి మాట్లాడతావు?"

ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మా అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఆలోచించి, "పదకొండింటికండీ. టీమ్‌తో కాల్ ఉంటుంది," అన్నాను. "మీరో?"

"నాకు ఆరింటికే అయిపోతుంది, పాలవాడితో. ఆ తర్వాత మళ్లీ మర్నాడు పాలవాడే."

నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వేసి శాపాల్లో పడ్డాం.

ఇక ఆ ఆదివారం. టీమ్ కాల్ లేదు. మధ్యాహ్నం రెండయినా నా నోట్లోంచి ఒక్క మాట రాలేదని ఉన్నట్టుండి స్ఫురించింది. అన్నం తిన్న కంచం కడిగి బస్టాండుకి వెళ్లి, గుడివాడ బస్సెక్కాను. చేతిలో లాప్‌టాప్ లేదు, అడగాల్సిన సందేహం లేదు. ఆవిడని చూడాలనిపించింది, అంతే. గుడ్లవల్లేరు దాటాక, వెళ్లి ఏం మాట్లాడతాను అని భయం కూడా వేసింది.

మెట్లెక్కి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. ఆవిడ ఏదో కాగితం మడుస్తోంది. నన్ను చూసి కళ్లజోడు తీసింది. పెట్టుకోవడం కాదు, తీసింది.

"ఏం పని మీద వచ్చావమ్మాయ్?"

మా వైపు ఒక మర్యాదుంది. మీ కోసమే వచ్చానని ఎవరింట్లోనూ అనం. అలా అంటే ఇంటివాళ్ల మీద బరువు పెట్టినట్టు, వాళ్లు హడావిడి పడి వంట మొదలుపెట్టాలేమో అన్నట్టు ఉంటుంది. అందుకని పక్కన ఏదో పని చూపిస్తాం. పెళ్లిపిలుపులకి వచ్చాం, పనిలో పని మిమ్మల్ని చూసి వెళ్దామని అంటాం. మా అమ్మ సొంత చెల్లెలి ఇంటికి వెళ్లినా అలాగే అనేది. నాకు పాలతో పాటు పట్టిన మర్యాద అది. నోరు తెరవగానే అదే వచ్చింది.

"ముదినేపల్లిలో పనుండి వచ్చానండీ. దారిలోనే కదా, ఒకసారి మిమ్మల్ని చూసి వెళ్దామని."

ఆవిడ చేతిలో మడత సగంలో ఆగింది.

"అయిందా పని?"

"అయిందండీ."

ఆ మర్యాద ఆవిడకి తెలియదా? ఈ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి తెలియకపోవడమేమిటి. కానీ ముప్పై ఏళ్లపాటు రోగి ఏం చెబితే అది, మాట మార్చకుండా, రాసుకున్న మనిషి. వాళ్లు చెప్పనిది ఊహించి రాయకూడదని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారట. పనుండి వచ్చానంటే పనుండి వచ్చినట్టే. ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. బార్లీ నీళ్లిచ్చింది. నేను తాగుతుండగా లేచి, గోడ పట్టుకుని, వరండాలోకి వెళ్లింది.

"నీకు బస్సుకి ఆలస్యమవుతుందేమో."

ఆలస్యం లేదు. గంటకి రెండు బస్సులున్నాయి. అవునండీ, వెళ్తానండీ అని లేచాను. తిరుగు బస్సులో నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత దూరం వస్తే ఏంటీ మనిషి అని. ఆ శాపం నా చేతులతో నేనే ప్రోగ్రాము రాశాను. మూడు గళ్లూ నాకు కంఠతా వచ్చు. అయినా తట్టలేదు, చూడండి.

ఆ తర్వాత ఆవిడ ఫోన్‌లో రేవు ఇంటి సంగతి అడగడం మానేసింది. పని ఎక్కువై మరచిపోయిందనుకున్నాను.

నేను ఫోన్ చేసిన వారానికి ఇంటిగలాయనే నాకు చేశాడు. పోర్షన్ ఖాళీ చేయిస్తున్నాం, మీ ఆటకి సంబంధించిన కాగితాలేవో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్తారా అని. వెళ్లాను. ఈసారీ పని మీదే. బీరువాలో సీసాలు అప్పటికే ఎవరో పట్టుకెళ్లారు. బల్లమీద పొట్లాలు, ఆఖరు వారంవి, వరసగా నిలబడి ఉన్నాయి. సంచిలో వేసుకుని బయటికొచ్చాను.

వరండాలో నా చెప్పులు ఎలా విడిచానో అలాగే ఉన్నాయి. తలుపు వైపు చూస్తూ.

అక్కడ మెట్టుమీద కూలబడి ఏడ్చాను. ఇంటిగలాయన కింద నుంచి చూసి, "మీకు ఆవిడ బంధువా అమ్మా?" అన్నాడు. కాదండీ, ఆవిడ దగ్గర పనిచేయించుకునేవాళ్లం అన్నాను. కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరిగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బస్టాండుకి వెళ్లాను. ఆ రోజు బస్సుల్లేక గంటన్నర కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ "తర్వాత చూద్దాం" జాబితా తీశాను. చెప్పాను కదా, ఒకపూట పని. నలభైమందిలో ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకసారి, ఏ కారణమూ లేకుండా ఒక ఇంటికి వెళ్లొచ్చు అని రాశాను. ఎవరు వెళ్లాలో, ఎక్కడికి వెళ్లాలో నేను చెప్పలేదు. ఆట నడవనిచ్చి, ఎదురుగా కూర్చున్నాను. లంకల్లో రోజులు మన నిమిషాల్లో గడిచిపోతాయి. పంటలేమీ ఎండిపోలేదు. నీడామె ఇంటికి ఒకరు ఊరికే వెళ్లారు. ఒక ముసలాయన ఊరికే గట్టుదాకా నడిచి వెనక్కొచ్చాడు.

పదిహేడో రోజు ఉదయం ఆ జాలరి, మొహాలు చూడనివాడు, వల గుంజకి తగిలించి బయలుదేరాడు. ఏడో లంకకి పడవ దాటి, రేవు ఇంటి ముందు చెప్పులు విడిచి, తన అలవాటు ప్రకారం కిందికి చూస్తూ గుమ్మం దాటాడు. నేను చెప్పులనే చూస్తున్నాను. ఎడమది కదల్లేదు. కుడిది కదల్లేదు.

అప్పుడు తెరమీద రేవు ఇంటామె నంబరు మాట మొదటిసారి వచ్చింది. టైపు చేసిన అమ్మాయి తప్ప ఇన్నాళ్లూ మాలో ఎవరమూ చదవని మాట. చదివుంటే తీసేసేవాళ్లం కూడా, ఎందుకంటే మా లంకల్లో అసలు ఆ వస్తువే లేదు.

"పనేం లేకుండానే వచ్చావా? అయితే కూర్చో. కాఫీ పెడతాను."

జాలరి కూర్చున్నాడు.

కూర్చున్నవాడు లేవలేదు. పని అయిపోగానే లేవాలని రాశాను గాని, పనే లేనివాడు ఎప్పుడు లేవాలో నేను రాయలేదు. సాయంత్రమైంది, మళ్లీ తెల్లారింది. వల గుంజకే ఉంది. వాళ్లిద్దరూ అలా ఎదురెదురుగా కూర్చునే ఉన్నారు. నేను ఆట ఆపలేదు.

మధ్యాహ్నం మా హెడ్ నుంచి మెసేజ్ వచ్చింది. "రేవు ఇంట్లో జాలరి ఇరుక్కుపోయినట్టున్నాడు. అసలు అతనికి అక్కడ పనేంటి?"

"ఏ పనీ లేదండీ. ఆవిడని చూడాలనిపించి వెళ్లాడు," అని రాశాను.